గోడలు దాటిన తంబుర

ఐండ్‌హోవెన్ స్టేషన్లో రైలు దిగినవారు బయటకు వచ్చాక ఒకసారి వెనక్కు తిరిగి చూడాలి. స్టేషను భవనం అచ్చం పాతకాలపు రేడియో సెట్టులా ఉంటుంది. 1956లో కట్టిన ఈ భవనానికి ఫిలిప్స్ రేడియోయే నమూనా అని ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటారు. ఎదురుగా ఆంటన్ ఫిలిప్స్‌గారి విగ్రహం. రైలు దిగగానే ఒక రేడియో, దాని యజమానీ ఎదురొచ్చారంటే, పాటంటే చెవి కోసుకునే తెలుగువాడికి ఇంతకంటే మంచి శకునం ఏం కావాలి?

నెదర్లాండ్స్ దేశాన్ని మన పెద్దలు హాలెండు అనేవారు. ఆ దేశానికి దక్షిణాన ఉన్నదీ ఊరు. 1891లో గెరార్డ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు, తండ్రి పెట్టిన పెట్టుబడితో ఇక్కడ విద్యుద్దీపాల కార్ఖానా తెరిచాడు. నాలుగేళ్ళకు తమ్ముడు ఆంటన్ అమ్మకాల సంగతి చూడటానికి వచ్చి చేరాడు. దీపాల తరువాత రేడియో వాల్వులు, వాటి వెనుక 1927లో రేడియో సెట్లు వచ్చాయి. ఆ ఏడే ఇక్కడి షార్టువేవు ప్రసారం సముద్రాలు దాటి, అప్పట్లో డచ్చివారి ఏలుబడిలో ఉన్న జావాలో వినిపించింది. మన ఇళ్ళలో ఒకప్పుడు ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పుకుని, హాల్లో బల్లమీద పెద్దమనిషిలా కూర్చున్న ఫిలిప్స్ రేడియో ఈ వంశంలోదే.

మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా ఈ ఊళ్ళోనే కాపురముంటున్నారు. చుట్టుపక్కల ఇంజనీరింగు కంపెనీలు చాలా ఉండటం వల్ల వీధిలో తెలుగు మాట తరచు వినిపిస్తుంది. శనివారం బజారులో ఒకావిడ "ఒసేవ్, కొత్తిమీర ఇక్కడుందే!" అని కేకవేస్తే నేను కూడా అటు తిరిగాను.

ఫిలిప్స్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలిపోయి చాలాకాలమైంది. అయినా ఊరు మాత్రం ధ్వనిని మరచిపోలేదు. స్ట్రైప్-ఎస్ అనే పేట ఒకప్పుడు ఫిలిప్స్ కార్ఖానాల ఆవరణ. బయటివారికి ప్రవేశం లేదు గనుక దాన్ని 'నిషిద్ధ నగరం' అనేవారట. ఇప్పుడక్కడ ఇళ్ళు, దుకాణాలు, కాఫీ హోటళ్ళు వచ్చాయి. పాత పరిశోధనశాల భవనంలో సినిమాలు వేస్తున్నారు. ఊరి నడిమధ్య, మొదటి దీపాలు తయారైన చోట, ఫిలిప్స్ మ్యూజియం ఉన్నది.

ఫిలిప్స్ చరిత్రలో నన్ను చాలాసేపు ఆలోచింపజేసిన వస్తువులు రెండు. ఒకటి క్యాసెట్టు. 1963లో లూ ఓటెన్స్ అనే ఇంజనీరు, ఆయన బృందం దాన్ని లోకానికి చూపించారు. కోటు జేబులో పట్టేంత ఒక కొయ్యముక్కను ముందుగా చెక్కించుకుని, "మన యంత్రం ఇంతకు మించకూడదు" అని ఆయన పట్టుబట్టారట. రెండోది కాంపాక్ట్ డిస్కు, అంటే మనం సీడీ అనే పన్నెండు సెంటీమీటర్ల పళ్ళెం. 1979 మార్చి 8న ఈ ఊళ్ళోనే దాన్ని పత్రికలవారికి వినిపించారు. జపానుకు చెందిన సోనీ కంపెనీతో కలిసి ప్రమాణాలు ఖరారు చేశాక, 1982 అక్టోబరులో జపానులో అమ్మకానికి వచ్చింది. పాటను సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా రాసి పెట్టుకోవడమే సీడీ కిటుకు. కుడిచెవికీ ఎడమచెవికీ కలిపి సెకనుకు 14,11,200 అంకెలవుతాయి. ఈ లెక్క పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. మన కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక ఇంటి సంగతికి వస్తాను.

ఇక్కడి ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని బారులు తీరి ఉంటాయి. కింద హాలు, వంటిల్లు. పై అంతస్తులో పడకగదులు. ఆపైన ఏటవాలు కప్పుకింద అటక. వీటిని కలిపే మెట్లు నిట్టనిలువుగా, నిచ్చెనకు తోబుట్టువుల్లా ఉంటాయి. అంతస్తుల మధ్య ఇనుపచువ్వల కాంక్రీటు. వీధి గుమ్మం పక్కనే ఒక చిన్న అలమర ఉంటుంది. దాన్ని వీళ్ళు 'మేటర్‌కాస్ట్' అంటారు. కరెంటు మీటరు, గ్యాసు మీటరు, నీటి గొట్టం, వాటితోబాటు ఇంటర్నెట్టు తీగె కూడా అందులోంచే ఇంట్లోకి వస్తుంది. అందువల్ల వైఫై పెట్టెను కూడా అందులోనే పెట్టి తలుపు వేసేస్తారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గాని, ఇంటికంతకూ వెలుగివ్వవలసిన దీపాన్ని గాదెలో పెట్టి మూతవేసినట్లే.

ఆ ఇంట్లో మా వియ్యపురాలు ఉంటున్నారు. డెబ్బయ్యయిదు దాటిన మనిషి. రాజమండ్రిలో పెరిగి, అక్కడే కాపురం చేసి, భర్త పోయాక కొడుకు దగ్గరకు వచ్చారు. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసులకు. చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడుతుంది. వాన, పొగమంచు, పలకరించే మనిషి లేని వీధి. ఆవిడకు తోడు పాట ఒక్కటే.

ఆ పాటల్లో ఒకటి ఆవిడ సొంతం. మా వియ్యంకులు ప్రభుత్వోద్యోగం చేస్తూనే సాయంత్రాలు వయొలిను సాధన చేసేవారు. 1984లో ఒక రాత్రి ఇంట్లోనే మేజోళ్ళపెట్టెంత టేపురికార్డరు ముందు పెట్టుకుని కల్యాణి రాగం వాయించారు. పక్కన కూర్చుని తంబుర మీటింది ఆవిడే. ఆయన పోయాక మిగిలిన వయొలిను ఆ ఒక్క క్యాసెట్టులోనిదే.

మా అల్లుడు చాలా ఏళ్ళ క్రితం దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, ఫోనులో చోటు సరిపోవడానికి బాగా చిన్నదిగా చేసి ఉంచాడు. వంటింట్లో బత్తాయికాయంత బ్లూటూత్ స్పీకరు. ఫోను హాల్లో ఉంటే పాట వంటింటి దాకా వస్తుంది. ఫోను పట్టుకుని మేడ మెట్లెక్కితే తుంపులు తుంపులుగా తెగి, ఆగిపోతుంది.

ఒక ఉదయం ఆవిడ చారులోకి పోపు పెడుతూ పాట వింటున్నారు. గరిట పక్కన పెట్టి, నావైపు తిరిగి అడిగారు:

"అన్నయ్యగారూ, ఇందులో నా తంబుర ఏదీ?"

నేను చెవి దగ్గరగా పెట్టి విన్నాను. వయొలిను ఉన్నది. దాని వెనుక ఏదో బుసబుసలాడుతున్న గాలి. తంబుర మాత్రం లేదు.

"క్యాసెట్టులో ఉండేదండీ. రాజమండ్రిలో ఎన్ని వందలసార్లు విన్నానో! ఆయన పక్కన నేను లేనట్టే ఉంది ఇందులో."

ఆ మాటకు మా అల్లుడు ముఖం చిన్నబోయింది. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ అదే పని అయింది.

తంబుర ఎక్కడికి పోయింది? జనం సాధారణంగా గాలిని నిందిస్తారు. తీగె లేకుండా పంపితే ధ్వని పాడవుతుందని, తీగె ఉంటేనే స్వచ్ఛమని అనుకుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. అంకెలుగా మారిన పాట గాలిలో వాడిపోదు. అంకె చేరితే చెక్కుచెదరకుండా చేరుతుంది, లేకపోతే చేరదు. పాట చెడేది ఇరుకు దారిలో పట్టించడానికి దాన్ని కోసినప్పుడు.

పాటను చిన్నది చేసే పద్ధతులు రెండు. మొదటిది కోత. పెళ్ళిలో నాదస్వరం మోగుతుండగా పక్కనున్నవాడి గుసగుస వినపడదు గదా! పెద్ద ధ్వని పక్కన ఉన్న చిన్న ధ్వనిని చెవి ఎలాగూ పట్టించుకోదు గనుక, దాన్ని మోయడం దండగని తీసిపారేస్తారు. ఎంపీ3 వగైరాలు చేసే పని ఇదే. కోత కొద్దిగా ఉంటే చాలామంది చెవులు పోల్చుకోలేవు. ఆ మాట కూడా ఒప్పుకోవాలి. కాని అవసరానికి మించి కోస్తే ముందు పోయేది వెనుకనున్న సన్నని ధ్వని. వయొలిను వెనుక నిలిచిన తంబుర అటువంటిదే. తంబుర తీగెకు జీవాళి పెట్టి రాబట్టే ఆ సన్నని జుంకారమంతా కోతవాడి దృష్టిలో గుసగుస కిందే లెక్క.

రెండోది మడత. ఇందులో ఏదీ పారెయ్యరు. ఇంట్లో పాలవాడి పద్దు చూడండి. రోజూ అర లీటరు వాడుక. హెచ్చు పోయించుకున్న రోజు, మానేసిన రోజు మాత్రమే క్యాలెండరు మీద గుర్తు పెడతాం. నెలాఖరుకు ఆ నాలుగు గుర్తులతోనే పైసా తేడా లేకుండా లెక్క తేలుతుంది. ఫ్లాక్ అనే పద్ధతి ఇదే చేస్తుంది. వెనుకటి కొలతలను బట్టి రాబోయే కొలత ఎంతో అంచనా కట్టి, ఆ అంచనాకు వచ్చిన తేడా మాత్రమే రాసుకుంటుంది. విప్పితే మొదటి అంకెలన్నీ ఒక్కటీ తప్పకుండా తిరిగి వస్తాయి. జోష్ కోల్సన్ అనే ఆయన తయారుచేసిన దీని తొలి పూర్తి రూపం 2001లో వెలువడింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. సీడీలోని పాట ఇందులో సుమారు సగానికో, అంతకు కాస్త ఎక్కువకో దిగుతుంది. పట్టుచీరను మడతపెట్టి పెట్టెలో పెట్టడం వేరు, పెట్టెలో పట్టలేదని కొంగు కత్తిరించడం వేరు.

ఇప్పుడు దారుల సంగతి. బ్లూటూత్ కూడా ఒక డచ్చి ఇంజనీరు పుణ్యమే. యాప్ హార్ట్‌సెన్ అనే ఆయన 1994లో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో ఎరిక్సన్ కంపెనీలో ఉండి ఆ పని మొదలుపెట్టాడు. పదో శతాబ్దపు డేనిష్ రాజు పేరు దానికి పెట్టారు. తక్కువ కరెంటుతో, దగ్గరి దూరంలో రెండు వస్తువులు మాట్లాడుకోవడానికి పుట్టిన దారి అది. సెకనుకు 1,600 సార్లు ఒక మెట్టునుంచి మరొక మెట్టుకు గెంతుతూ అడ్డంకులను తప్పించుకుంటుంది. ఈ గెంతే ఉపాయానికి 1942లోనే హాలీవుడ్ తార హెడీ లమార్, సంగీతకర్త జార్జ్ ఆంథైల్ కలిసి ఒక పేటెంటు పొందారు. పియానోకు ఉన్నట్లే వారి పద్ధతిలోనూ మెట్లు 88.

అయితే ఈ దారి ఇరుకు. బ్లూటూత్ వస్తువులన్నిటికీ తెలిసిన మామూలు పద్ధతిలో, మంచి నాణ్యతకు పెట్టుకున్న లెక్కే సెకనుకు 3,28,000 అంకెలు. సీడీ లెక్క 14,11,200 గదా! నాలుగో వంతు కూడా పట్టదు. అందుచేత అక్కడ కోత తప్పదు. ఇటీవల వచ్చిన కొన్ని పద్ధతులు ఇంతకంటే చాలా ఎక్కువ మోస్తాయి. దగ్గరగా ఉంటే అసలు కొయ్యకుండానే పంపేవి కూడా ఉన్నాయి. కాని ఫోనుకూ స్పీకరుకూ రెండింటికీ అదే విద్య వచ్చి ఉండాలి. దూరం పెరిగితే మళ్ళీ కోతే.

వెడల్పు దారి వైఫై. దాని పుట్టిల్లు చూద్దామని ఒక ఆదివారం బయలుదేరాం. ఐండ్‌హోవెన్ నుంచి రైల్లో ఉట్రెక్ట్, అక్కడ నుంచి ట్రాములో నీవెకైన్ అనే చిన్న పట్టణం. కాలవలు, వంతెనలు, సైకిళ్ళు, ఒకేలాంటి ఇటుక ఇళ్ళు. పటం కట్టించుకునే దృశ్యం ఏదీ కనిపించలేదు. కాని ఎన్‌సీఆర్ అనే కంపెనీ ఇంజనీర్లు దుకాణాల్లో క్యాషు యంత్రాలను తీగెలు లేకుండా కలపడానికి ఇక్కడే కృషి చేశారు. వారిలో ఒకరైన విక్ హేస్, అందరి యంత్రాలూ ఒకే భాష మాట్లాడేలా ప్రమాణం రాసిన అంతర్జాతీయ సంఘానికి 1990 నుంచి పదేళ్ళు అధ్యక్షత వహించాడు. 1997లో ఆ ప్రమాణం వెలువడింది. 1999లో వచ్చిన రూపమే కాగితం మీద సెకనుకు కోటీ పది లక్షల అంకెలు మోయగలిగింది. అంటే సీడీ పాటకు ఏడు రెట్లకు పైనే. నేటి వైఫై దానికి ఎన్నో రెట్లు. ఇంత విశాలమైన దారిలో పాటను కొయ్యవలసిన అగత్యమే లేదు.

వైఫైలో మరో సుఖం ఉన్నది. కొళాయి నీళ్ళు ఒకసారి వచ్చి ఒకసారి ఆగినా, మేడమీద ట్యాంకు ఉంటే ఇంట్లో ధార ఆగదు. స్పీకరులో కూడా అటువంటి ట్యాంకు ఉంటుంది. కొన్ని క్షణాలకు సరిపడే పాటను ముందే నింపుకుంటుంది. దారిలో ఏ ముక్కైనా తప్పిపోతే మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది. పైగా చాలా ఏర్పాట్లలో ఫోను పాటను మోయదు. హోటల్లో మనం ఆర్డరు చెబితే వడ్డించేవాడు వంటింట్లోంచి నేరుగా తెచ్చినట్లు, స్పీకరే వెళ్ళి పాటను తెచ్చుకుంటుంది. ఫోను జేబులో పెట్టుకుని వీధిలోకి వెళ్ళినా పాట ఆగదు.

తిరిగి వచ్చాక మా అల్లుడు పనిలోకి దిగాడు. ముందు క్యాసెట్టు. ఒకసారి కోసి పారేసిన తంబుర ఎంత వెడల్పు దారిలో పంపినా తిరిగి రాదు. కనుక మూలానికే వెళ్ళాలి. ఈ దేశంలో పాత సామాన్లు అమ్మే క్రింగ్‌లోప్ అనే దుకాణాలుంటాయి. అక్కడ ఒక క్యాసెట్టు డెక్కు దొరికింది. టేపు తగిలే తలను స్పిరిటుతో తుడిచి, వియ్యంకుల క్యాసెట్టు పెట్టి, ఈసారి కోత లేకుండా ఫ్లాక్‌లోకి ఎక్కించాడు.

రెండోది వైఫై పెట్టె. మేటర్‌కాస్ట్ లోంచి ఒక తీగె మెట్ల వారగా పైకి లాగి, మేడమీద వసారాలో రెండో పెట్టె పెట్టాడు. గాలిలోంచే ఒక పెట్టెనుంచి రెండో పెట్టెకు అందించేవి కూడా ఉన్నాయి గాని, తీగె లాగగలిగిన చోట తీగెకు మించినది లేదు. "తీగె లేని సంగీతానికి ఇంత తీగె ఎందుకురా?" అన్నారు మా వియ్యపురాలు. నిజమే గాని, గోడలూ కాంక్రీటూ దాటే కష్టం తీగెకిచ్చి, గదిలో ఉన్న కొద్ది దూరం గాలికి ఇవ్వడమే ఇందులో తెలివి.

మూడోది స్పీకర్లు. బత్తాయికాయలోంచి మంద్ర షడ్జం రమ్మంటే ఎలా వస్తుంది? ఇంట్లో మూలపడి ఉన్న పాత ఆంప్లిఫయరుకు, చెక్క స్పీకర్లకు, రాస్‌ప్‌బెర్రీ పై అనే పేకముక్కంత కంప్యూటరును తగిలించాడు. అదే వైఫైలోంచి పాటను అందుకుని ఆంప్లిఫయరుకు ఇస్తుంది. ఒక జత వంటింటి పక్కన, ఒక జత మేడమీద ఆవిడ గదిలో అమర్చారు.

అప్పుడొక కొత్త చిక్కు వచ్చింది. మెట్ల మధ్య నిలబడితే కింది వయొలిను, పై వయొలిను ఒకదానివెంట ఒకటి పరుగెత్తుతున్నాయి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది. ఒక మీటరు దాటడానికి దాదాపు సెకనులో వెయ్యింట మూడు వంతులు. ఆ మాత్రం తేడాను చెవి కలుపుకుంటుంది. తేడా నలభై వంతులు మించితే ప్రతిధ్వనిగా పోల్చుకుంటుంది. భజనగోష్ఠిలో పాతికమంది ఉన్నా ముందున్న ఆయన చేతి తాళం చూసే అందరూ వేస్తారు గదా! అలాగే స్పీకర్లన్నీ ఒకే గడియారాన్ని చూసుకుంటూ నడిచే ఏర్పాటు ఉండాలి. ఒకే కుటుంబానికి చెందిన స్పీకర్లు, లేదా ఒకే సర్వరు చెప్పినట్లు వినే స్పీకర్లు అయితే ఆ పని అవే చూసుకుంటాయి. ఒక గదిలో ఒక రకం, మరో గదిలో మరో రకం కొంటే మాత్రం తాళం తప్పుతుంది. మా అల్లుడు రెండు చోట్లా ఒకే ప్రోగ్రాము పెట్టేసరికి ఆ పరుగుపందెం ఆగింది.

మన ఊళ్ళలో ఈ ఏర్పాటు చేసుకోదలచినవారికి నాలుగు మాటలు. వైఫై పెట్టె వీధి గుమ్మం పక్కన మూలలో కాకుండా ఇంటి మధ్యన, కాస్త ఎత్తున ఉండాలి. ఇనప బీరువా, నీళ్ళ ట్యాంకు, చేపల తొట్టె దానికి అడ్డం ఉండకూడదు. ఇనుమూ నీళ్ళూ తరంగాలకు గిట్టవు. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి వైఫై మామూలుగా వాడే రెండు బాటల్లో ఒకదానిమీదే నడుస్తుంది. పాటను రెండో బాట మీదికి మార్చుకుంటే గొడవ ఉండదు. ఆ రెండో బాట వేగం ఎక్కువే గాని గోడలు దాటే శక్తి తక్కువ. అందుకే మన తొమ్మిదంగుళాల ఇటుక గోడలకు, శ్లాబులకు రెండో పెట్టె అవసరమవుతుంది. పాటలు వినిపించే కంపెనీకి చందా కడుతున్నవారు, అందులో నాణ్యత ఏ మెట్టుమీద పెట్టి ఉందో సెట్టింగుల్లో ఒకసారి చూసుకోవాలి. సీడీకి మించిన అంకెలంటూ ఎక్కువ ధర చెప్పే వస్తువుల మీద డబ్బు పొయ్యడం కంటే, ఆ సొమ్ముతో ఒక మంచి స్పీకరు కొనుక్కోవడం మేలు.

అన్నీ అమర్చిన రోజు సాయంత్రం క్యాసెట్టు పాట పెట్టాడు మా అల్లుడు. మొదట టేపు సొద వినిపించింది. అది క్యాసెట్టుకు పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని కూడా ఉన్నదున్నట్లు అందించడమే కోత లేని పద్ధతి ధర్మం. ఆ సొదలోంచి పంచమం, సారణి, మళ్ళీ సారణి, మంద్రం. తంబుర నాలుగు తీగెలూ ఒకటొకటిగా వచ్చి నిలిచాయి. ఆ తరువాత వయొలిను వచ్చింది.

మా వియ్యపురాలు ఏమీ అనలేదు. లేచి, కటకటాలు పట్టుకుని, నెమ్మదిగా మెట్లెక్కడం మొదలుపెట్టారు. సగంలో ఒకసారి ఆగి విన్నారు. తన గదిలోకి వెళ్ళారు. అక్కడా తంబుర ఉన్నది. కాసేపటికి పైనుంచి పిలిచారు.

"నాయనా, కొంచెం పెద్దది చెయ్యి. మూడో తీగె ఆ రోజు రవ్వంత దిగింది. మీ నాన్నగారు వాయిస్తూనే నావైపు చూశారు. అదీ వినిపిస్తోంది."